కొండమాటకు అచ్చు ఎప్పుడు దొరికింది?

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరుని. ఉద్యోగం మొత్తం జలవిద్యుత్ కేంద్రాల్లోనే గడిచింది. మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ఏదైనా మాట్లాడు గానీ, కరెంటు గురించి మాత్రం వద్దు" అన్నాడు. అందుకని నాకు పదేళ్ళుగా పట్టుకున్న ఇంకో పిచ్చి గురించి చెబుతాను. పాత పుస్తకం కనబడితే నేను ముందు కథ చూడను. అట్ట తిప్పి, ఏ ప్రెస్సులో, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం అచ్చయిందో చూస్తాను. మిషను మీద నేమ్‌ప్లేటు చదివే అలవాటు ఇక్కడికీ వచ్చిందని మా ఇంట్లో అంటారు.

మన కొండల గురించి, మన భాషల గురించి అచ్చు చరిత్ర ఏం చెబుతుందో చూద్దాం. చివర్లో మన సంఘాన్ని ఒక పని అడుగుతాను. పని చిన్నదే, కానీ ఆలస్యమైతే ఇక కుదరదు.

ముందు తెలుగు సంగతి. తెలుగు అక్షరాలతో తొలి పుస్తకాలు అచ్చయింది మన దేశంలో కాదు, జర్మనీలోని హాలే పట్టణంలో, 1746-47లో. మద్రాసులో మిషనరీగా పనిచేసిన బెంజమిన్ షుల్జ్ 1743లో స్వదేశం వెళ్ళిపోయాడు. అక్కడ తెలుగు అక్షరాలు పోత పోయించి క్రైస్తవ మత పుస్తకాలు అచ్చు వేయించాడు. చదివేవాళ్ళు ఇక్కడ, అచ్చక్షరాలు అక్కడ. హాలేలోని ఫ్రాంకే సంస్థ గ్రంథాలయం, ఆర్కైవు ఈనాటికీ నడుస్తున్నాయి. ఆ కాలపు పుస్తకాలు, కాగితాలు చూడాలనుకునే పరిశోధకులు నేటికీ అక్కడికే వెళతారు.

అచ్చు మొదలవడానికి అంత కాలం ఎందుకు పట్టిందంటే, కారణాల్లో ఒకటి మన లిపి. ఇంగ్లీషుకి పెద్దబడి, చిన్నబడి కలిపి 52 అక్షరాలు. తెలుగులో 36 హల్లులకు 12 గుణింతపు రూపాల చొప్పున వేసుకున్నా 432. వత్తులు వేరు. ఒక్కో అక్షరానికి ముందు ఉక్కు కడ్డీ కొస మీద ఆకారం చెక్కాలి. దాన్ని రాగిలో కొట్టి మూస తియ్యాలి. ఆ మూసలో సీసం, తగరం, యాంటిమనీ కలిపిన లోహం పోస్తే ఒక టైపు తయారవుతుంది. వత్తులు గీత కిందికి దిగుతాయి కాబట్టి వరుసకీ వరుసకీ మధ్య ఎడం ఎక్కువ పెట్టాలి. కాగితం ఖర్చు పెరుగుతుంది. తెలుగు పుస్తకం అచ్చు వెయ్యడమంటే మొదటి రోజుల్లో పండితుడి పనీ, కంసాలి పనీ కలిసిన పని.

మన జిల్లాకు దగ్గరి కథ 1805లో మొదలవుతుంది. ఆ సంవత్సరం లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల తెలుగు అనువాదం చేపట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. అచ్చు పుస్తకం చూసే అదృష్టం ఇద్దరికీ దక్కలేదు. విశాఖలో తయారైన ఆ అనువాదం కలకత్తా దగ్గరి సెరాంపూర్‌లో 1812లో అచ్చయింది.

అదే 1812 మార్చి 11 రాత్రి సెరాంపూర్ ప్రెస్సు కాలిపోయింది. కాగితం బూడిదైంది, దేశభాషల అచ్చక్షరాలు కరిగి ముద్దలయ్యాయి, విలియం కేరీ తయారు చేస్తున్న బహుభాషా నిఘంటువు రాతప్రతి పోయింది. అయితే ఉక్కు పంచ్‌లు, రాగి మూసలు మిగిలాయి. కరిగిన లోహాన్నే ఏరుకుని, ఆ మూసల్లో మళ్ళీ అక్షరాలు పోసుకున్నారు. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అక్కడే వెలువడింది. ఇంజనీరుగా నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. మూస ఉంటే సరుకు మళ్ళీ తయారవుతుంది. రాతప్రతికి మూస లేదు, అది ఒకసారి పోతే పోయినట్టే.

ఆ తర్వాత తెలుగు అచ్చు వేగం అందుకుంది. 1816లో మద్రాసులో కాంప్‌బెల్ వ్యాకరణం, 1852లో బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1854లో వావిళ్ళ వారి ముద్రణాలయం. ఒక వందేళ్ళలో తెలుగుకి మిషనరీ ప్రెస్సు, సర్కారు ప్రెస్సు, పండితుల ప్రెస్సు మూడూ అమిరాయి.

మరి అదే జిల్లాలో, అదే కాలంలో, అనంతగిరి ఘాటు ఎక్కితే మాట్లాడే భాషల సంగతేమిటి? మన ఈ హాల్లోనే కువి మాట్లాడేవాళ్ళున్నారు, కొండ మాట్లాడేవాళ్ళున్నారు, ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్ళున్నారు, గదబ, పోర్జా ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళున్నారు. మా ఇంట్లో కొండ భాష. మావాళ్ళు దాన్ని కూబి అంటారు.

ఇంగ్లీషు ప్రభుత్వం గ్రియర్సన్ నాయకత్వంలో దేశభాషల సర్వే చేయించింది. అందులో మద్రాసు ప్రెసిడెన్సీని చేర్చలేదు. కాబట్టి మన కొండల మాటలు రికార్డు కావడమన్నది విడివిడి మనుషుల పట్టుదల మీద ఆధారపడింది. కువికి దగ్గరి చుట్టమైన కుయి భాషకు లింగం లక్ష్మాజీ అనే తెలుగు పేరుగల అధికారి వ్యాకరణం రాశారు. దాని రెండో కూర్పు 1902లో కలకత్తాలో అచ్చయింది. కువికి వస్తే, సాలూరు, జయపురం వైపు పనిచేసిన జర్మన్ లూథరన్ మిషన్‌కు చెందిన ఎఫ్.వి.పి. షుల్జె వ్యాకరణం 1911లో మద్రాసులో, పదకోశం 1913లో వచ్చాయి. హాలేలో తెలుగు అచ్చు వేయించిన ఆయన షుల్జ్, ఈయన షుల్జె. పేర్లు దాదాపు ఒకటే గానీ ఇద్దరి మధ్య నూట అరవై ఏళ్ళకు పైనే ఎడం. అదే 1913లో ఫిట్జెరాల్డ్ రాసిన మరో కువి పుస్తకం కలకత్తాలో అచ్చయింది.

ఈ పుస్తకాల మీద నాకు గౌరవం ఉంది. వాళ్ళు రాయకపోతే వందేళ్ళ కిందటి కువి మనకు దొరికేది కాదు. కానీ పుస్తకం చేతిలోకి తీసుకుని ఒక ప్రశ్న వేసుకోండి. ఇది ఎవరు చదవడానికి అచ్చయింది? వివరణ ఇంగ్లీషులో ఉంది, కువి మాటలు రోమన్ లిపిలో ఉన్నాయి. చదివేది కొత్తగా వచ్చిన పాదిరీ, లేదా ఏజెన్సీలో పరీక్ష పాసవాల్సిన అధికారి. మాట మాది, పుస్తకం వాళ్ళది.

ఈ వరుసలో వేరుగా నిలబడిన మనిషి గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మన బడిలో ఏటా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. వ్యావహారిక భాషోద్యమం గురించి ఉపన్యాసాలు వింటాం. ఆయన బతుకులో రెండో సగం మనకు తక్కువగా చెబుతారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. వాళ్ళ మాటలోనే చదువు చెప్పించాలని పుస్తకాలు తయారు చేశారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, ఇంగ్లీషు-సవర నిఘంటువు 1933లో మద్రాసులో అచ్చయ్యాయి. ఆ వ్యాకరణం పేరులో 'సోరా' అన్న మాటను రోమన్ అక్షరాల్లో రాసి, ప్రతి దీర్ఘాచ్చు పక్కన రెండు చుక్కల గుర్తు పెట్టారు. దీర్ఘానికి కొత్త టైపు పోయించనక్కర్లేదు, రెండు చుక్కలు ఏ ప్రెస్సు కేసులోనైనా దొరుకుతాయి. ఉన్న సామానుతో పని జరుపుకోవడం ఎలాగో ఆ పేజీ చూసి నేర్చుకోవచ్చు.

గ్రాంథికంలో రాస్తే తెలుగు పిల్లాడికి అర్థం కాదని వాదించిన మనిషే, తెలుగులో చెబితే సవర పిల్లాడికి అర్థం కాదని గుర్తించారు. రెండూ ఒకే వాదన. మొదటి సగం గెలిచింది, మనం ఈ సావనీరు రాసుకుంటున్న తెలుగు ఆ గెలుపే. రెండో సగం ఇంకా సగంలోనే ఉంది.

1936లో మరో సంగతి జరిగింది. గుణుపురం వైపు మంగేయి గమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంత లిపి రూపొందించారు. దాని పేరు సోరంగ్ సొంపెంగ్. 24 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరున. ఆ లిపిలో అచ్చు పుస్తకాలు, కాగితాలు వెలువడ్డాయి. 2012లో అది యూనికోడ్‌లోకి చేరింది. అంటే ప్రపంచంలో ఏ కంప్యూటరులోనైనా దానికి ఒక స్థానం ఉంది. అదే సవర భాష ఇప్పుడు ఒడిశాలో ఒరియా లిపిలో, మనవైపు తెలుగు లిపిలో, చర్చి పుస్తకాల్లో రోమన్‌లో, దాంతోపాటు సొంత లిపిలో కనిపిస్తుంది. ఒకే ఊరి అన్నదమ్ములు ఒకరి పుస్తకం ఒకరు చదువుకోలేని పరిస్థితి కూడా ఉండొచ్చు. లిపి ఎంపిక మామూలు విషయం కాదు, ఎవరు ఎవరితో ఉత్తరాలు నడపగలరో అదే నిర్ణయిస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృత ఆచార్యుడైన బరో, భారత మానవశాస్త్ర సర్వేకు చెందిన భట్టాచార్య కలిసి 1963లో కువి భాష మీద ఒక వ్యాసం, చిన్న పదకోశం ప్రచురించారు. వాళ్ళు రికార్డు చేసిన కువి మాండలికాల్లో ఒకటి మన సుంకరమెట్టది. అవును, మనం సంతకి వెళ్ళే సుంకరమెట్టే. బరో, ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు రెండో కూర్పు 1984లో ఆక్స్‌ఫర్డ్‌లో వచ్చింది. 5,500కు పైగా పదకుటుంబాలున్న ఆ పుస్తకంలో కువి మాటల పక్కన రెండు అక్షరాల పొట్టి గుర్తు ఒకటి మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. అది సుంకరమెట్టకి గుర్తు. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం మాటల పక్కన మన సంత ఊరి మాట సమాన హోదాలో కూర్చుంది. ఈ సంగతి సుంకరమెట్ట బడి పిల్లలకు ఎవరైనా చెప్పారా?

కొండ భాష విషయం నాకు ఇంకా దగ్గరిది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ ప్రాంతంలో తిరిగి, మావాళ్ళ దగ్గర కూర్చుని రాసుకున్న పుస్తకం 1969లో హైదరాబాదులో గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ తరఫున వచ్చింది. కథలు, వ్యాకరణం, పదకోశం మూడూ ఉన్నాయి. నేను అది నలభై ఏళ్ళు దాటాక ఒక గ్రంథాలయంలో చదివాను. మా అమ్మ పొయ్యి దగ్గర మాట్లాడే మాటలకు పేజీ నంబర్లున్నాయని అప్పుడు తెలిసింది.

ఆ పుస్తకం వల్ల తెలిసిన ఒక విషయం తెలుగు మాస్టార్లకు నచ్చుతుంది. మనకు చిన్నప్పుడు బండి ఱ నేర్పారు గుర్తుందా? మామూలు ర, బండి ఱ ఒకలాగే పలుకుతాం, మరి రెండెందుకని మనలో ఒకడు అడిగితే క్లాసంతా నవ్వింది. పాత తెలుగులో ఆ రెండూ వేరు వేరు ధ్వనులు. శాసనాల తెలుగులో ఈ వర్గానికి చెందిన మరో పాత అక్షరం కూడా ఉండేది. అది కూడా 2015లో యూనికోడ్‌లోకి చేరింది. తెలుగువాళ్ళ నోట ఆ తేడా పోయింది, అక్షరం మాత్రం మిగిలింది. కొండ భాషలో అక్షరం లేదు గానీ తేడా మిగిలింది. మావాళ్ళు నాలుక అదిరించి పలికే ఒక రకం ర, మామూలు ర కంటే వేరు. రెండిటికీ అర్థాలు మారతాయి. తెలుగు బడిలో అనవసరం అనిపించిన అక్షరం కొండ వాచకంలో అత్యవసరం. "ఎవరూ వాడటం లేదు కదా" అని ఫాంటులోంచి, కీబోర్డులోంచి బండి ఱ తీసేసే ముందు ఒక్కసారి అరకు వచ్చి వినమని నా మనవి.

ఇక 2004కి వద్దాం. ఆ సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా. మొదటి తరగతి పిల్లాడు ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగుకి రావాలని ఉద్దేశం. తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఊరి పెద్దల దగ్గర కథలు, పాటలు సేకరించారు. మన పూర్వ విద్యార్థుల్లో కొందరు టీచర్లుగా ఆ పనిలో ఉన్నారని నాకు తెలుసు.

ఈ వాచకాలు 1911 నాటి పుస్తకాలకు పూర్తిగా ఎదురు. ఇవి అధికారుల కోసం కాదు, మన పిల్లల కోసం అచ్చయ్యాయి. కువి పిల్లాడు కువిలో చదువుకోవడానికి అచ్చయిన బొమ్మల పుస్తకం చరిత్రలో ఎంత అరుదైన వస్తువో మీరే ఆలోచించండి.

మరి అవి ఎక్కడున్నాయి? మొన్న వేసవిలో నేను నాలుగు ఊళ్ళు తిరిగి అడిగాను. ఒక ఇంట్లో అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. ఇంకో ఇంట్లో వాచకం కాగితాలు వడ్లబస్తా చిల్లుకు అంటించి ఉన్నాయి. తప్పు వాళ్ళది కాదు. వాచకం ఉన్నది వాడి అరగదీయడానికే. పిల్లలు బాగా వాడిన పుస్తకమే ముందు పోతుంది, ఎవరూ ముట్టని పుస్తకం బీరువాలో వందేళ్ళు ఉంటుంది. అచ్చు చరిత్ర రాసేవాళ్ళకు ఇది పాత తలనొప్పి. పెద్దబాలశిక్షల తొలి ప్రతులకంటే వాటిని చూసి పరీక్ష చేసిన దొరల నివేదికలే తేలిగ్గా దొరుకుతాయి.

చట్టాలున్నాయి కదా అంటారు. 2024లో రద్దయ్యేదాకా 1867 చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాల్సి వచ్చేది, ప్రభుత్వానికి ప్రతులు ఇవ్వాల్సి వచ్చేది. పాత తెలుగు పుస్తకాల గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ జాబితాల చలవే. 1954 చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరాకు ప్రతులు పంపాలి. కానీ బడికి పంచిన చిన్న వాచకం, టీచరు చేత్తో రాసి జెరాక్సు తీసిన పాటల కాగితం, చర్చి పాటల చీటీ, సంత దగ్గర పంచిన టీకాల కరపత్రం ఏ గ్రంథాలయం దాకా వెళతాయి? అవి చేరే చోటు మన ఇళ్ళు. అక్కణ్ణించి పొయ్యిలోకి.

ఇక్కడ ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న చెప్పాలి. "పిల్లలకి ఇంగ్లీషు రావాలి, ఉద్యోగం రావాలి. కువి పుస్తకం దాచుకుంటే అన్నం పెడుతుందా?" న్యాయమైన ప్రశ్న. నేనూ ఇంగ్లీషు చదువుకునే ఇంజనీరునయ్యాను. నా జవాబు ఇది. మొదటి తరగతిలో మాస్టారు చెప్పేది అర్థం కాక బడి మానేసినవాళ్ళు మన ప్రతి బ్యాచిలోనూ ఉన్నారు. వాళ్ళు ఈ సభలో లేరు, ఎందుకంటే పూర్వ విద్యార్థుల జాబితాలోకే రాలేదు. ఇంటి భాష వాచకం వాళ్ళ కోసం. రేపు మళ్ళీ ఎవరైనా మంచి వాచకం రాయాలంటే పాతదాంట్లో ఏ అక్షరం పనిచేసింది, ఏది పిల్లల్ని తికమకపెట్టింది చూసుకోవాలి. పాత డ్రాయింగు లేకుండా టర్బైను మరమ్మతు చెయ్యమంటే నేను చెయ్యలేను. ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టడం చాలా ఖరీదైన పద్ధతి.

కాబట్టి సంఘాన్ని అడిగే పని ఇది. మన బడి గ్రంథాలయంలో ఒక స్టీలు బీరువా. అందులో మన కొండభాషల్లో అచ్చయిన, సైక్లోస్టైలు చేసిన, జెరాక్సు తీసిన ప్రతి కాగితం. చిరిగినా సరే, అట్ట లేకపోయినా సరే. ప్రతిదానికీ ఒక రిజిస్టరు గీత: పేరు, భాష, లిపి, ముద్రాపకుడి పేరు, ఊరు, సంవత్సరం, ఎవరింట్లో దొరికింది, ఎవరు చదువుకున్నారు. ఆ చివరి రెండు గళ్ళు ఏ పెద్ద గ్రంథాలయం దగ్గరా ఉండవు, మనమే నింపగలం.

కొన్ని జాగ్రత్తలు. లామినేషను చేయించకండి, లోపలి కాగితం పాడవుతుంది, మళ్ళీ విడదీయలేం. సెల్లోటేపు అంటించకండి, నాలుగేళ్ళలో పచ్చబడి అక్షరాన్ని తినేస్తుంది. మన మంచుకి, తడికి బూజు ముఖ్య శత్రువు. బీరువాని గోడకి ఆనించకుండా జానెడు ఎడంగా పెట్టండి, ఎండ ఉన్న రోజు తలుపులు తెరవండి. ఫోనుతో ఫొటో తీసేటప్పుడు అట్ట, ముద్రాపకుడి పేరున్న పేజీ, ఆఖరి పేజీ తప్పకుండా తియ్యండి. సాధారణంగా అందరూ వదిలేసేవి అవే. ఎవరైనా పుస్తకం ఇవ్వడానికి ఇష్టపడకపోతే బలవంతం వద్దు, ఫొటో తీసుకుని తిరిగిచ్చేయండి. పుస్తకం వాళ్ళది.

ఇంకో మాట. పుస్తకం తెచ్చినవాళ్ళ ఇంట్లో ముసలివాళ్ళుంటే, ఆ పేజీలు చదివి వినిపించి, వాళ్ళ నోటితో మళ్ళీ చెప్పించి, అనుమతి తీసుకుని రికార్డు చెయ్యండి. సెరాంపూర్ వాళ్ళకు మంటల్లో మిగిలిన మూసల్లాంటివాళ్ళు మనకు ఆ పెద్దలే. రాగి మూసకి వయసు రాదు, మన మూసలకి ఎనభై దాటుతోంది.

బీరువా ఖర్చు నేను పెట్టుకుంటాను. మా బ్యాచి వాళ్ళు ఇద్దరు రిజిస్టరు రాస్తామన్నారు. దానిలో మొదటి గీత మీద రాయడానికి ఆ అట్టలేని కువి వాచకం, ఇచ్చినవాళ్ళ అనుమతితో, ఈ సంచిలో తెచ్చాను. సభ అయ్యాక హెడ్మాస్టరుగారికి అందజేస్తాను. రెండో గీత మీద ఏం రాయాలో మీ ఇళ్ళలో వెతకండి. దీపావళి సెలవుల్లో మళ్ళీ ఇక్కడే కలుద్దాం.